కొత్త చెయ్యి అడగని ప్రశ్న

జూన్ 3, మంగళవారం

ఇవాళ ఫోరంలో ఒక్క ప్రశ్న లేదు. నిన్నా లేదు. మొన్న ఒకటి వచ్చిందని సంబరంగా తెరిస్తే, ఎవడో జుట్టు రాలకుండా నూనె అమ్ముకునేవాడు. తీసిపారేశాను. మేం కలపకి నూనె రాసేవాళ్లం నాయనా, తలలకి కాదు.

రోజూ ఎంతమంది వచ్చారో చూసుకోవడం మానేస్తానని పోయిన నెల ఇక్కడే రాసుకున్నాను. మానేశాను. ఇవాళ ఊరికే కళ్లపడింది, అంతే. పద్నాలుగు మంది. అందులో మూడుసార్లు నేనే.

పదకొండేళ్ల కిందట 'రంపపు పొట్టు' పెట్టిన కొత్తలో పొద్దున్న టీ తాగేలోపు ఇరవై ప్రశ్నలు పడేవి. బీరువా మీద పాలిష్ పొక్కులు లేస్తోంది, ఏం చెయ్యాలి? వేడి గ్లాసు పెడితే బల్ల మీద తెల్లగా చుట్టలా మచ్చ పడింది, పోతుందా? ఒక్కోదానికి బాబాయ్ పేజీన్నర జవాబు రాసేవారు. ఫోరంలో ఆయన పేరు ముసలి ఉలి. నాకు ఏ చుట్టరికమూ లేదు, మనిషిని రెండుసార్లే చూశాను, అయినా సొంత బాబాయ్ కంటే ఎక్కువ. ఇప్పుడాయనకి డెబ్బై నాలుగు, కళ్ల ఆపరేషన్ కూడా అయింది. ప్రశ్న పడితే ఇప్పటికీ గంటలో జవాబు పెడతారు. పడాలి కదా.

అందరూ పెద్ద సైట్‌కి పోయారు. అక్కడ పాలిష్ గ్రూపట, లక్షా పదివేల మందట. ఆ లక్షా పదివేల మందిలో గరుకు కాగితం చేత్తో పట్టుకున్నవాళ్లు ఎందరో నాకు చూడాలని ఉంది. ఒకడు నలభై సెకన్ల వీడియోలో పాత తలుపుని కొత్త తలుపు చేసేస్తాడు. కింద చప్పట్ల బొమ్మలు. ఎవడైనా చేసి చూశాడా? చూస్తే ఆరిందా, పొరలు లేచాయా? ఎవడికీ పట్టదు.

మా దగ్గర అలా కుదరదు. జవాబు పక్కన 'పని చేసింది' అని ఆకుపచ్చ గుర్తు పెట్టే హక్కు అడిగిన మనిషికే. అదీ తన చేత్తో చేసి చూశాకే. ఇప్పటికి నాలుగు వేల పైచిలుకు గుర్తులున్నాయి. ఒక్కటీ ఉత్తిది కాదు.

"మీ ఫోరంలో మనుషుల కంటే రూల్సు ఎక్కువ" అన్నారు మా ఆయన, భోంచేస్తూ. కుర్చీలు చేసేవాడికి ఫోరం సంగతి ఏం తెలుసు.

జూన్ 5, గురువారం

కొత్త చెయ్యి చేత ఒక ప్రశ్న అడిగించాను.

దీన్ని అబద్ధం అనడానికి లేదు. ముందే ఇక్కడ రాసుకున్నాను, మళ్లీ రాసుకుంటున్నాను. కొత్త చెయ్యి పుట్టి ఏడాది దాటింది. బస్సు కండక్టరు ఉద్యోగం వదిలేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో పాలిష్ పని మొదలుపెట్టిన మనిషి. మోకాలి నొప్పి ఉంది. ఇంట్లో భార్య వెటకారం చేస్తుంటుంది. ఏ పనైనా మొదటిసారి చెడగొట్టకుండా చెయ్యలేడు, అలాగని వదిలిపెట్టడు. అతను చేసే తప్పులన్నీ పాతికేళ్ల కిందట నేను చేసినవే. బాబాయ్ చెప్పిన మందులన్నీ నేను వాడి చూసినవే. కాబట్టి అతను పెట్టిన ఆకుపచ్చ గుర్తులన్నీ నిజమైనవే. మనిషి ఒక్కడే లేడు.

షాపులో ఎవరూ లేకపోతే వచ్చినవాడు కూడా గుమ్మంలోంచే వెళ్లిపోతాడు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే లోపలికొస్తాడు. నేను చేస్తున్నది కుర్చీలో మనిషిని కూర్చోబెట్టడం, అంతే.

ఇవాళ్టి ప్రశ్న: "ముసురు పట్టింది. బెంచీకి అవిసె నూనె రాసి నాలుగు రోజులైంది, ఇంకా జిడ్డుగానే ఉంది. నిన్న మా ఆవిడ కూర్చుని లేస్తే బెంచీ కూడా లేచింది. ఏం చెయ్యాలి గురువుగారూ?"

రాసుకుని నేనే నవ్వుకున్నాను.

జూన్ 6, శుక్రవారం

బాబాయ్ జవాబు పొద్దున్నే ఉంది. నూనె సీసాని వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చెయ్యి. తొందరగా ఆరడానికి కలిపే డ్రయర్ ఇంకో చెంచా ఎక్కువ వెయ్యి. పల్చగా రాయి. పావుగంట ఆగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యి. గుడ్డ తడిసిందంటే మార్చు, పిసినారితనం చెయ్యకు, పూతకి పది గుడ్డలైనా పట్టనీ. అలా మూడు పూతలు.

ఎంత శుభ్రంగా చెప్పారో. నలభై సెకన్ల వీడియోలో ఇది రమ్మంటే వస్తుందా?

కింద గోడకుర్చీ కూడా వచ్చి, "మామిడి చెక్కకైనా ఇంతేనా అండీ?" అని అడిగాడు. గోడకుర్చీ ఆరు నెలల కిందట చేరాడు. ఉత్త బద్ధకస్తుడు, పోయిన శీతాకాలం చెక్క సరిగ్గా రుద్దకుండా వార్నిష్ వేశాడని చెడామడా తిట్టాను కూడా. అయినా పోలేదు. అలాంటివాళ్లు నలుగురుంటే చాలు మాకు. ప్రాణం లేచొచ్చింది.

జూన్ 9, సోమవారం

పాత ముక్కాలిపీట ఒకటి తీసుకుని బాబాయ్ చెప్పినట్టు చేసి చూద్దామనే అనుకున్నాను. హోటల్ వాళ్ల కుర్చీలు ఇరవై నాలుగు గుమ్మంలో పేర్చి ఉన్నాయి. బాబాయ్ చెప్పింది తప్పవుతుందా? నాకు తెలియదా అది ఆరుతుందని?

అయినా నాలుగు రోజులు జవాబు పక్కన గుర్తు లేకపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు.

కొత్త చెయ్యి రాశాడు: "రెండో రోజుకే ఆరిపోయింది గురువుగారూ! వేలితో నొక్కినా అంటలేదు. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని హాయిగా లేచింది." ఆకుపచ్చ గుర్తు.

రేపు తీరిక చూసుకుని పీటకి రాసి చూస్తాను. అప్పుడు లెక్క సరిపోతుంది.

జూన్ 10, మంగళవారం

తీరలేదు.

జూన్ 14, శనివారం

తీరలేదు. హోటల్ వాళ్ల కుర్చీలు పన్నెండు అయ్యాయి.

జూన్ 20, శుక్రవారం

ముసురు జవాబుని రెండు వందల పన్నెండు మంది చూశారు! రెండేళ్లలో ఏ జవాబునీ ఇంతమంది చూడలేదు. బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "చూశావా అమ్మాయ్, మంచి సరుకుకి గిరాకీ ఎక్కడికీ పోదు" అన్నారు. గొంతులో పాత హుషారు. మా ఆయనకి చెప్తే "రెండు వందల పన్నెండా, హాలు బుక్ చెయ్యమంటావా" అన్నారు.

ఈ రోజంతా నా అంత సుఖమైన మనిషి లేదు.

జులై 1, మంగళవారం

కొత్త సభ్యురాలు! ఐదు నెలల తర్వాత. పేరు 'చదివేదాన్ని' అని పెట్టుకుంది. ఇంకా ఏమీ రాయలేదు. మొహమాటం కాబోలు. స్వాగతం చెప్తూ నేనే ఒక ముక్క రాసి ఉంచాను.

జులై 2, బుధవారం

రాసింది.

ఇది ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, చేత్తో రాస్తేనన్నా తలకెక్కుతుందేమోనని.

"నమస్కారం. రెండేళ్లుగా రోజూ చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. కుడిచెయ్యి కట్టులో ఉంది, మా చెల్లెలు టైపు చేస్తోంది. కొత్త చెయ్యి గారు ఎలా ఉన్నారో ఎవరైనా చెప్తారా? జూన్ తొమ్మిది తర్వాత ఆయన రాయలేదు. ఆయన చేసినట్టే నేనూ ఆసుపత్రి వాళ్ల తలుపులు ఎనిమిదింటికి నూనె రాశాను. గుడ్డలు మారుస్తూ బాగా తుడిచాను. చాలా గుడ్డలయ్యాయి. అన్నీ ముద్దగా చుట్టి అట్టపెట్టెలో కుక్కి, షెడ్డు మూలన పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లోకి వెళ్లాను. మూడింటికి పొగ వచ్చింది. తలుపులు బయటికి లాగుదామని లోపలికి వెళ్లాను. అప్పుడే చెయ్యి కాలింది. ఎవరూ ఏమీ అంటించలేదు, కరెంటు కూడా లేదు, ఆ పెట్టెలోంచే మొదలైందని ఫైరింజన్ వాళ్లు చెప్పారు. కొత్త చెయ్యి గారు కూడా ఇలాగే చేసి ఉంటారు కదా. ఆయన షెడ్డు కూడా రేకులదే. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాను, నిన్ననే వచ్చాను, రాగానే దీనిలో చేరాను. దయచేసి ఎవరి దగ్గరైనా ఆయన నంబరుంటే వెంటనే ఫోన్ చేసి ఆ గుడ్డలు బయట పడెయ్యమని చెప్పండి. ఆయన మోకాలితో పరిగెత్తలేరు."

మోకాలితో పరిగెత్తలేరు.

మా ఆయన పక్కనే రంపం పడుతున్నారు, ఆ చప్పుడు ఎక్కడో పక్క ఊళ్లోంచి వస్తున్నట్టుంది.

పదకొండు రోజులు. వెనక్కి లెక్కేశాను. జూన్ ఇరవై. ఆ రోజు ఏం రాశానో పైన ఉంది, తిరగేసి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

జులై 2, సాయంత్రం

పెరట్లో తీగ మీద గుడ్డలున్నాయి. పదిహేడు. ఒక్కోదానికి ఒక్కో క్లిప్పు. వాటిని నేనే ఆరేశాను, ఎప్పుడు ఆరేశానో గుర్తులేదు. పాతికేళ్లుగా చెయ్యి దానంతటదే ఆరేస్తుంది. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుందని, గుడ్డలు ముద్దగా పెడితే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయని పనిలో చేరిన రెండో రోజున మా మేస్త్రీ తిట్టి మరీ చెప్పాడు. ఆ తర్వాత దాని గురించి ఆలోచించాల్సిన పని పడలేదు.

బాబాయ్‌కీ అంతే. అందుకే చెప్పలేదు.

నేను ఆ పీటకి నూనె రాసి ఉంటే? రూలు ప్రకారం నా చేత్తో, కానీ కొత్త చెయ్యి కళ్లతో చూస్తూ చేసి ఉంటే? పని అయ్యేసరికి నా చేతిలో గుడ్డల కుప్ప ఉండేది. కుప్ప ఉంటే దాన్నేం చెయ్యాలో కొత్త చెయ్యి అడిగి ఉండేవాడు. అతని చేతిలో కుప్ప లేదు. అతనికి చేతులే లేవు.

జులై 2, ఇంకా

ఆమె జవాబు కోసం చూస్తూ ఉంటుంది. పాపం కంగారుపడుతోంది. ముందు ఆ కంగారు తగ్గించాలి కదా. ఎవరైనా అదే చేస్తారు.

కొత్త చెయ్యి పేరుతో లోపలికెళ్లి రాశాను: "నేను క్షేమంగా ఉన్నానమ్మా. షెడ్డూ బాగుంది. గుడ్డలు నేను బయట ఆరేశాను. మీరు చెయ్యి జాగ్రత్తగా చూసుకోండి."

మంచిపనే చేశాను.

జులై 3, గురువారం

చేసింది మంచిపని కాదు. ఆమె జవాబు:

"హమ్మయ్య. మా చెల్లెలు చదివి వినిపిస్తుంటే ఏడుపొచ్చింది. మీకేం కాలేదు, అది చాలు. అంటే ఆకుపచ్చ గుర్తు సరైనదే, నేనే తప్పు చేశాను. మా అత్తగారు ఆ ఫోరం వాళ్ల మీద కేసు పెట్టమన్నారు. వాళ్లది తప్పు కాదని, నా అజాగ్రత్తేనని చెప్పాను. ఆసుపత్రి వాళ్లకీ అదే రాసిచ్చాను. రెండు వేళ్లు వంగకపోవచ్చన్నారు డాక్టరు. ఎడమచేత్తో మళ్లీ మొదలుపెట్టొచ్చా? అది మిమ్మల్నే అడగాలి, మీరైతే నిజం చెప్తారు. నా నంబరు పెడుతున్నాను. ఒక్కసారి మాట్లాడతారా?"

మీరైతే నిజం చెప్తారు.

గుడ్డల జాగ్రత్త గురించి ఫోరంలో అసలు లేదా అని వెతికాను. ఉంది. మొదటి వారంలోనే బాబాయ్ రాశారు. 'ముందు ఇది చదవండి' అని అన్నిటికంటే పైన, ఎర్ర అక్షరాల్లో ఉండేది. మూడేళ్ల కిందట అక్కణ్ణించి తీసేసింది నేనే. రాగానే బెత్తం పట్టుకున్న టీచరులా కనిపిస్తోంది, పెద్ద సైట్‌లా కళగా ఉంటే నలుగురూ వస్తారని.

జులై 4, శుక్రవారం

పెద్ద సైట్ గ్రూపులోకి వెళ్లాను. చేరాల్సి వచ్చింది, చేరితేగానీ చూడనివ్వదు. లక్షా పదివేల ఒకటో దాన్ని.

నలభై సెకన్ల వీడియోలో గుడ్డల ఊసు లేదు. తృప్తిగా కిందికి వెళ్లాను. కింద ఆరువందల కామెంట్లు. మూడోది: "నూనె గుడ్డలు కుప్పేసి పోతే కొంప తగలబడుద్ది, విడివిడిగా ఆరెయ్యండ్రా బాబూ." దాని కింద ఒకడు మా పక్క షాపు అలాగే పోయిందన్నాడు. ఇంకొకడు కాలిన డబ్బా ఫోటో పెట్టాడు. ఎవడో బూతు కూడా తిట్టాడు. ఆ తిట్టు కిందే, "థాంక్స్ అన్నా, ఇప్పుడే బయట పడేసొచ్చా" అని ఉంది.

చప్పట్ల బొమ్మల మధ్య, అక్షరదోషాలతో, ఎవడెవడో. నాకు మతిపోయింది. వాళ్లనే కదా నేను ఇన్నేళ్లూ అలగా జనం అన్నట్టు మాట్లాడింది.

జులై 5, శనివారం

బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆమె రాసింది ఆయన అప్పటికే చదివారు, రెండు రోజులుగా మంచం దిగలేదట.

"గుడ్డల సంగతి చెప్పకపోవడం ఏంటమ్మాయ్ నేను? నాకు బుర్ర పనిచెయ్యడం మానేసిందా?"

"బాబాయ్, ఒక మాట చెప్పాలి. ముందు వినండి, తర్వాత తిట్టండి. కొత్త చెయ్యి అనే మనిషి లేడు. అది నేనే."



"లేకపోవడమేంటి? వాడి మోకాలికి నేను కసరత్తులు రాసి పంపానుగా?"

"నాకే పంపారు."

"మరి బెంచీ ఆరిందన్నాడు?"

"చెయ్యకుండానే రాశాను."

తిడతారని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అమ్మాయ్, నేనూ ఒకటి చెప్పాలి" అన్నారు. గొంతు చాలా చిన్నదైపోయింది. "గోడకుర్చీ నేనే."

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

"గోడకుర్చీయా? ఆ బద్ధకస్తుడా? నేను వాణ్ని తిట్టాను కదా, శీతాకాలం?"

"తిట్టావు. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు."

"ఎందుకు బాబాయ్?"

"ప్రశ్నలు పడకపోతే నువ్వు మూసేస్తావేమోనని. ఇది మూసేస్తే నన్ను పలకరించేవాళ్లు ఎవరమ్మా?"

ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. చెక్కముక్క ఆయనే. జిగురు డబ్బా ఆయనే. నావి ఇంకో రెండు ఉన్నాయని నేనూ చెప్పాను. ఆ పేర్లు విని ఆయన "అయ్యో, ఆ అమ్మాయి కూడానా, బాగా నేర్చుకుంటోందనుకున్నానే" అన్నారు. ఇద్దరం కలిసి లెక్కేశాం. ఆమెని పక్కన పెడితే, ఈ ఏడాదిలో రంపపు పొట్టులో రాసింది మొత్తం తొమ్మిది మంది. అందులో మా ఇద్దరినీ, మేం కల్పించిన ఆరుగురినీ తీసేస్తే మిగిలింది జుట్టు నూనె అమ్ముకునేవాడు.

నవ్వొచ్చింది. ఫోన్ పట్టుకుని పడీ పడీ నవ్వాను, బాబాయ్ కూడా నవ్వారు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వు ఆగిపోయింది. తెలిసినవాళ్లం ఇద్దరం, తెలియనివాళ్ల వేషాలేసుకుని, ఒకళ్లకొకళ్లం పాఠాలు చెప్పుకున్నాం. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. నిజంగా తెలియని మనిషి ఒక్కతి గోడ పక్కన నిలబడి రెండేళ్లు విన్నది. ఆమె కోసమే ఈ నాటకమంతా. ఆమె ఉన్నట్టు మాకు తెలియదు.

పెట్టేసే ముందు బాబాయ్ అన్నారు: "ఇదంతా బయట పెట్టకమ్మా. నాలుగువేల గుర్తుల్లో ఏది నిజమో ఏది ఉత్తిదో అని జనం అన్నిటినీ అనుమానిస్తారు. పదకొండేళ్ల పని బూడిదైపోతుంది. ఆమెకి ఎడమచేతి పని నేను నేర్పుతాను. రోజూ నేర్పుతాను. చాలదా?"

చాలనే అన్నాను.

జులై 6, ఆదివారం

చాలుతుంది. ఆమెకి కావలసింది పని నేర్పేవాళ్లు. నిజం తెలిస్తే ఆమె వేళ్లు వంగుతాయా?

హోటల్ వాళ్ల కుర్చీలు ఇరవై నాలుగూ అయిపోయాయి.

జులై 7, సోమవారం

ఆమె మళ్లీ రాసింది. కొత్త చెయ్యికే.

"మీరు ఫోన్ చెయ్యలేదు, పనిలో ఉంటారు, పరవాలేదు. ఒక్క మాట. మీకు ఏ పనైనా రెండోసారికి వస్తుంది. నాకు రాలేదు. ఇద్దరమూ ఇదే జవాబు చదివి, ఇదే నూనె రాస్తే, మీరు బాగున్నారు, నేను షెడ్డు తగలబెట్టుకున్నాను. మా ఇంట్లో అంటున్నట్టు ఈ పని నాకు తగదేమో. మీ పోస్టులు చూసే ఇన్నాళ్లూ వదలకుండా ఉన్నాను. ఇక మానేద్దామనుకుంటున్నాను. మీకు చెప్పి మానేద్దామని."

మా ఆయనకి అంతా చెప్పాను. మొదటి నుంచీ. ఆయన రంపం పక్కన పెట్టి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని విన్నారు. వెటకారం చెయ్యలేదు. చేస్తారని ఎదురుచూశాను.

"బాబాయ్ వద్దన్నారు" అన్నాను.

"బాబాయ్ సంగతి తర్వాత. ఆ అమ్మాయి నువ్వు చెయ్యని పనితో తన పనిని పోల్చుకుని, నాకు చేతకాదని మానేస్తోంది. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే ఆమె జన్మంతా అలాగే అనుకుంటుంది."

"ఫోరం పోతుందండీ."

"ఎవరున్నారని అందులో?"

కొట్టినట్టే అయింది. కోపం కూడా వచ్చింది. గంట తర్వాత ఆకుపచ్చ గుర్తు తీసేశాను. తీసేయడానికి ఒక్క నొక్కు. జరిగింది జరిగినట్టు ఒక పోస్టు రాసి ఉంచాను, ఆ గుర్తు ఎందుకు తీశానో, ఎవరెవరు లేరో. బాబాయ్ పేర్లు రాయలేదు. ఆయనవి ఆయన చెప్పుకోవాలి. ఆమె దాన్ని నలుగురితో పాటు చదివి తెలుసుకోకూడదు. ముందు నేను నోటితో చెప్పాలి. రేపు.

జులై 8, మంగళవారం

పోస్టు పెట్టేశాను. అరగంటలో దాని కింద బాబాయ్ తన మూడు పేర్లూ రాసి, "ఇవన్నీ నేనే, క్షమించాలి" అని పెట్టారు. నాతో మాత్రం మాట్లాడలేదు. ఇంకెవరూ ఏమీ రాయలేదు.

దానికంటే ముందు ఫోన్.

పొద్దున్న పదకొండింటికి చేశాను. నంబరు నొక్కి రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి చెల్లెలు ఎత్తి, ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టింది.

"రంపపు పొట్టు నుంచి మాట్లాడుతున్నానమ్మా."

"కొత్త చెయ్యి గారింటి నుంచా? మీరు ఆయన భార్యా?" గొంతులో ఎంత సంతోషమో. "మీరు వేళాకోళం చేస్తారని రాస్తుంటారండీ. బెంచీ కూడా లేచిందన్నారు చూడండి, అది చదివి మేమిద్దరం ఒకటే నవ్వు."

అప్పుడే పెట్టేద్దామనిపించింది. నిజంగానే వేలు ఎర్ర బటన్ మీద ఉంది.

"భార్యని కాదమ్మా. కొత్త చెయ్యి పేరుతో రాసేది నేనే. ఆ మనిషి లేడు. కండక్టరు ఉద్యోగమూ లేదు, షెడ్డూ లేదు. ఎవరూ రావట్లేదని నేను కల్పించాను."



"మరి ఆ బెంచీ?"

"లేదు."

"రెండో రోజుకే ఆరిందన్నారు."

"నేను చేసి చూడలేదు. చెయ్యకుండానే గుర్తు పెట్టేశాను."

"మొన్న క్షేమంగా ఉన్నానని రాసింది?"

"అదీ నేనే."

పక్కన చెల్లెలు "ఏమంటున్నారే? ఏమంటున్నారు?" అంటోంది. నేను కాగితం మీద రాసుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. తప్పు మీది కాదు. గుడ్డల సంగతి చెప్పాల్సింది మేము. ఆయనకి కాలకుండా మీకే కాలిందనుకోవద్దు, ఆయన అసలు ఏమీ చెయ్యలేదు. మీరు చేశారు. మీరొక్కరే చేశారు. కేసు పెడితే పెట్టండి, నేనే వచ్చి చెప్తాను.

అంతా విన్నది. తర్వాత అంది, "ఆసుపత్రిలో అన్ని రోజులూ నాకు చెయ్యి నొప్పి కంటే ఆయన గురించిన భయమే ఎక్కువండీ. రాత్రిళ్లు మా చెల్లెల్ని లేపి అడిగేదాన్ని, ఆయన ఏమన్నా రాశారా అని."

క్షమించమని అడగాలని కాగితం మీద చివర రాసుకున్నాను. అది నోట్లోంచి రాలేదు.

పెట్టేస్తుందనుకున్నాను.

"మరి ఏం చెయ్యాలి?" అంది.

"దేన్ని అమ్మా?"

"గుడ్డల్ని. నూనె తుడిచాక, పని అయిపోయాక, ఆ గుడ్డల్ని ఏం చెయ్యాలి?"

చెప్పాను. ఏ గుడ్డకా గుడ్డ విడదీసి, బయట తీగ మీద ఆరెయ్యాలి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఎండి అట్టలా బిగుసుకుపోయాక పారెయ్యొచ్చు. ఆరేసే చోటు లేకపోతే రేకు డబ్బాలో నిండా నీళ్లు పోసి, అందులో ముంచి మూత పెట్టాలి. ముద్దగా చుట్టి ఎక్కడా, ఎంతసేపూ వదలకూడదు.

ప్రతి ముక్కకీ "ఊఁ" అంది. చివరికి "సరేనండి" అని పెట్టేసింది. మళ్లీ పని మొదలుపెడుతుందో లేదో చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ నాలుగు ముక్కలూ చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.